ఆ పెట్టెలు కచరా కావు, సదర్ సాబ్

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ ఫాతెహా చదివేసింది. మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆ రోజుతో బంద్. కావాలన్నవాళ్లకు కొన్ని షరతుల మీద ఇంకో ఏడాది మొహలత్ ఇచ్చింది, అంతే. విండోస్ 11కు పోదామంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. మా సదుంలో ఒక కమిటీ గదిలో ఉన్న తొమ్మిది కంప్యూటర్లు నాలుగో తరానివి. బెంగళూరులో ఉద్యోగం చేసే మన పిల్లవాడొకడు ఆఫీసులో తీసేసినవాటిని అడిగి, బతిమాలి తెచ్చి ఇచ్చినవి. మీట నొక్కితే తొమ్మిదీ లేస్తాయి. వాటిని తూకానికి అమ్మేయాలని కమిటీ తీర్మానించింది.

ఆ తీర్మానం మీద నా ఏతరాజ్ ఇది. కమిటీ పేరు రాయను. సదర్ సాబ్ నాకంటే పెద్దవారు, ఆయన నీయత్ మీద నాకు షక్ లేదు. తగాదా అంతా దలీల్ మీదే.

నిజానికి ఆ రోజు వినిపించిన దలీళ్లు రెండు. ఒకాయన, "లినక్స్ వేస్తే పిలకాయలు రారు భాయ్, దాంట్లో ఆటలుండవు. ఆటల్లేని కంప్యూటర్ దగ్గర ఎవరు కూర్చుంటారు?" అన్నారు. పక్కనే ఇంకొకాయన, "ఆటలైతే అసలే నక్కో, బచ్చే ఖరాబ్ అయిపోతారు" అన్నారు. ఆటలు ఉండవని ఒకరి భయం, ఆటలు ఉంటాయని ఇంకొకరి భయం. ఒకరి మాట ఒకరి మాటను కొట్టేస్తోంది కదా అని నేను చూస్తూ ఉన్నాను. ఇద్దరూ కలిసి పాత ఇనుము బండికే రాయ్ ఇచ్చారు.

మొదటిది మాలూమాత్ లేక వచ్చిన దలీల్. తీర్చడం తేలిక. విండోస్ కోసం తయారైన ఆటను లినక్స్ మీద ఆడించే సాఫ్ట్‌వేర్ 1993 నుంచి తయారవుతూ ఉంది. దాని పేరు వైన్. ఈ పేరు చెప్పగానే గదిలో ఒక బుజుర్గ్ "తౌబా, తౌబా, మస్జిద్ పక్కనే వైనా?" అన్నారు. బస్టాండు దగ్గర వైన్స్ బోర్డు చూసి చూసి మనకు ఆ మాట ఇంకోలా వినపడదు మరి. అది తాగేది కాదు జనాబ్. 'వైన్ ఈజ్ నాట్ యాన్ ఎమ్యులేటర్' అనే వాక్యంలోని మొదటి అక్షరాలు. విండోస్‌ను పోలిన దొంగ కంప్యూటర్‌ను లోపల ఇంకొకటి నిర్మించేది కాదు నేను, అని పేరులోనే చెప్పుకుంటోంది. మరి ఏం చేస్తుంది? తర్జుమా చేస్తుంది. ఆట విండోస్ భాషలో "ఈ ఫైలు తెరువు, ఈ బొమ్మ గీయి, ఈ మాట నెట్‌వర్క్ మీద పంపు" అంటుంది. వైన్ మధ్యలో తర్జుమాన్‌లా నిలబడి ఆ మాటను లినక్స్‌కు అర్థమయ్యేలా అప్పటికప్పుడు చెబుతుంది. ఉర్దూలో చదువుకుని తెలుగులో రాసుకు బతికేవాణ్ణి, ఆ పని ఎంత కష్టమో నాకు తెలుసు. వాళ్ల 1.0 వెర్షన్ రావడానికి 2008 దాకా, పదిహేనేళ్లు పట్టింది. ఆ తర్వాత 2018లో వాల్వ్ కంపెనీ దాని మీదే ప్రోటాన్ కట్టింది. 2022లో స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే యంత్రాన్ని దుకాణంలో పెట్టి అమ్మింది. అందులో నడిచేది లినక్సే. ఆటల వ్యాపారంలో అంత పెద్ద కంపెనీ లినక్స్ మీద ఆట ఆడొచ్చని డబ్బు పెట్టి నమ్మింది. మన కమిటీ మాత్రం నమ్మదట.

ఆడని ఆటలు ఉన్నాయి, దాచను. వాలరెంట్ లినక్స్ మీద నడవదు. దొంగాట పట్టుకోవడానికి అది విండోస్ నట్టింట్లోకి వచ్చి కూర్చుంటుంది, ఆ నట్టిల్లు లినక్స్‌లో లేదు. ఫోర్ట్‌నైట్ కూడా అంతే. నాలుగో తరం పెట్టెలో ఉన్న గ్రాఫిక్స్‌తో కొత్త ఆటలు విండోస్ మీద మాత్రం ఏం నడుస్తాయి? ఆ పెట్టెలకు తగిన ఆటలు పాతవే. ఆ పాతవాటిలోనే లాన్ ఉంది.

లాన్ అంటే చిన్నవాళ్ల కోసం చెప్పాలి. ఇంటర్నెట్ అక్కర్లేదు. ఒక గదిలోని కంప్యూటర్లను వైర్లతో ఒక స్విచ్‌కు కలిపితే అవి తమలో తాము మాట్లాడుకుంటాయి. ఎయిర్‌టెల్‌కు, జియోకు, ఫైబర్ వాడికి పైసా ఇవ్వాల్సిన పని లేదు. నెట్ పోయినా ఆట ఆగదు. (కరెంటు పోతే ఆగుతుంది. దానికి నా దగ్గర కూడా ఇలాజ్ లేదు.) నా వయసువాళ్లు 2000 ప్రాంతంలో మదనపల్లెలో, తిరుపతిలో నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కౌంటర్ స్ట్రైక్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడింది ఇలాగే. వెనక కుర్చీలో కూర్చున్న దుష్మన్‌ను తల తిప్పి చూసి నవ్వే రోజులవి.

"సరే, లినక్స్‌లో ఆట తెరుచుకుంటుంది, లాన్‌లో ఆడదంట కదా?" అని ఒక సెంటర్ నడిపే అతను నాతో అన్నాడు. ఇది సగం నిజం. సగం నిజంతోనే ఇలాంటివాళ్ల దుకాణాలు నడుస్తాయి, మిగతా సగం చెప్పడానికి ఫుర్సత్ ఉండదు. చిక్కు ఆట తెరవడంలో కాదు, ఒక పెట్టెలో మొదలైన ఆట ఇంకో పెట్టెకు కనపడటంలో వస్తుంది. కమిటీ వాళ్లను అడిగి రెండు పెట్టెల మీద లినక్స్ మింట్ వేసి, ఒక జుమ్మా రోజు అసర్ తర్వాత ముగ్గురు పిలకాయలను కూర్చోబెట్టి చూశాను. అక్కడ జరిగింది వరుసగా చెబుతాను, ఎందుకంటే రెండో దలీల్‌కు జవాబు కూడా అందులోనే ఉంది.

ఆట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, 1999 నాటిది. మా ఇంట్లో అసలు సీడీ ఉంది. ఆ కాలపు ఆటలు లాన్ కోసం డైరెక్ట్‌ప్లే అనే మైక్రోసాఫ్ట్ ముక్క మీద ఆధారపడతాయి. వైన్‌లో ఉన్న డైరెక్ట్‌ప్లే అరకొరది. అందుకని వైన్‌ట్రిక్స్ అనే తోడు పనిముట్టుతో మైక్రోసాఫ్ట్ సొంత డైరెక్ట్‌ప్లేను తెచ్చి పెట్టాలి. ఒక్క ఆదేశం. "చూశావా, లినక్స్‌లో ఎన్ని తిప్పలో" అని అప్పుడే అనకండి. విండోస్ 8 నుంచి ఇటు అక్కడ కూడా డైరెక్ట్‌ప్లే మూతపడే వస్తుంది, పాత సామాన్ల అరలోకి వెళ్లి మనమే తెరవాలి. అంతకంటే పాత ఆటలు వాడిన ఐపీఎక్స్ అనే పద్ధతినైతే విస్టాతోనే మైక్రోసాఫ్ట్ పూర్తిగా తీసి పారేసింది. డాస్ కాలపు ఆటలను ఈ రోజు లాన్‌లో ఆడించాలంటే డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరే దిక్కు, విండోస్ మీదైనా సరే.

పిలకాయలు చేసిన మొదటి పని రెండు పెట్టెల చిరునామాలు చూడటం. రెండూ 192.168.1 మొహల్లావే, చివరి అంకె మాత్రం వేరు. ఒక పెట్టె నుంచి ఇంకోదాన్ని పింగ్ కొట్టారు, జవాబు వచ్చింది. అంటే వైరు బాగుంది. తర్వాత ఒకడు ఆటలో గది తెరిచి కూర్చున్నాడు. రెండోవాడికి గది కనపడింది, లోపలికి పోబోతే పోలేదు. ఎందుకు?

వాళ్లకు నేను చెప్పింది ఇంతే. లాన్ ఆటలో గది తెరవడమంటే మస్జిద్ మైకులో ఎలాన్ చేయడం. "ఇక్కడ ఆట మొదలవుతోంది, నా చిరునామా ఫలానా" అని పెట్టె అందరికీ వినపడేలా అరుస్తుంది. దాన్నే బ్రాడ్‌కాస్ట్ అంటారు. ఆ మైకు మొహల్లా దాటి వినపడదు. ఎలాన్ వినపడింది కాబట్టే గది కనపడింది. మరి ఎలాన్‌లో చెప్పిన చిరునామా ఏమిటి?

తొమ్మిదో తరగతి అమ్మాయి పట్టుకుంది. ఉబుంటు, మింట్ లాంటి లినక్సుల్లో హోస్ట్స్ అనే చిన్న ఫైలు ఉంటుంది. అందులో కంప్యూటర్ తన పేరు ఎదురుగా 127.0.1.1 అని రాసుకుని ఉంటుంది. 127తో మొదలయ్యే చిరునామా అంటే 'నేనే' అని అర్థం. కొన్ని పాత ఆటలు నా చిరునామా ఏది అని పేరు పెట్టి అడిగితే వచ్చే జవాబు అదే. మీ ఇల్లెక్కడ బాబూ అంటే "మా ఇంట్లోనే" అన్నట్టు. రెండో పెట్టె ఆ చిరునామా పట్టుకుని తన గుమ్మం తానే తట్టుకుంటూ నిలబడుతుంది. ఆ వరుసలో 127.0.1.1 చెరిపి పెట్టె అసలు లాన్ చిరునామా రాస్తే చాలు. రాశారు. చిరునామా రోజూ మారకుండా రౌటర్‌లో కట్టేశారు. ఆట కలిసింది. ఆ అమ్మాయి వేసిన కేక బయట వుజూ చేసుకుంటున్నవాళ్లకు కూడా వినపడింది. అక్కడ నాకొక మాట పడింది, అది వేరే కథ.

మిగతా చిక్కులు చిన్నవి. ఫైర్‌వాల్ ఎవరైనా ఆన్ చేసి ఉంటే డైరెక్ట్‌ప్లే ఆటలకు టీసీపీ 47624, ఆపైన 2300 నుంచి 2400 దాకా తలుపులు తెరవాలి. ఒకే పెట్టెకు వైరూ వైఫై రెండూ తగిలించి ఉంటే ఆట తప్పు దారిలో అరవొచ్చు, ఒకటి ఆపేయాలి. వైఫై మీదే ఆడతామంటే, పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా విడదీసే ఐసోలేషన్ రౌటర్‌లో ఉందేమో చూసి తీసేయాలి. అందరి దగ్గరా ఆట ఒకే వెర్షన్ ఉండాలి. కౌంటర్ స్ట్రైక్ 1.6కు వైన్ కూడా అక్కర్లేదు, 2013లో వాల్వే దాన్ని లినక్స్‌కు తయారుచేసి ఇచ్చింది, దాని తలుపు యూడీపీ 27015.

కౌంటర్ స్ట్రైక్ అన్నాను కాబట్టి ఒక మాట. ఆ ఆటలో ఎడారి రంగు గోడల మధ్య, అరబ్ బజార్ లాంటి సందుల్లో టెర్రరిస్టులను వెతికి కాలుస్తారు. మన పిలకాయలు మన కమిటీ గదిలో కూర్చుని అది ఆడతారు, టెర్రరిస్ట్ జట్టు వంతు వస్తే నవ్వుతారు కూడా. నిషేధించమనను. ఒక్కసారి ఆ గోడల వైపు వేలు చూపించి, ఈ బొమ్మ గీసినవాడు ఈ ఊరినే ఎందుకు ఎంచుకున్నాడో అని అడగండి. ఆ మాట ఫోన్లో ఒంటరిగా ఆడే పిల్లవాడితో అనలేం. గదిలో ఉన్నవాడితో అనగలం. అదే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో సలాహుద్దీన్ అయ్యూబీ దాస్తాన్ ఆడుకోవచ్చు, సలీబీ జంగ్‌లను ఇటువైపు నుంచి చూడొచ్చు. జీరో ఏడీ అనే ఆట ఉంది. పూర్తిగా ఉచితం, లినక్స్ మీద నేరుగా నడుస్తుంది, లాన్‌లో ఆడొచ్చు, అందులో మౌర్యులు కూడా ఉన్నారు. చోరీ సీడీల జోలికి పోవాల్సిన జరూరత్ లేదు.

ఇక రెండో దలీల్: బచ్చే ఖరాబ్ అయిపోతారు. ఎవరి బచ్చే, ఎక్కడ ఖరాబ్ అవుతున్నారు? ఇషా తర్వాత పుంగనూరు రోడ్డు మీద నడిచి చూడండి. గట్ల మీద, మూసిన షట్టర్ల ముందు వరుసగా వెలుగుతున్న ముఖాలు. ఒక్కొక్కడి చేతిలో ఒక్కో ఫోను. పక్కపక్కనే కూర్చుంటారు, ఒకరితో ఒకరు మాట్లాడరు. మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే బంద్ చేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో కేంద్రం పబ్జీ ఆపింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ ఆపుతూ ఖానూన్ చేసింది. మంచిదే. జూదం మన దీన్‌లోనూ హరామే, అప్పుల్లో మునిగిన ఇళ్లను గురించి రిపోర్టులు రాసినవాణ్ణి, ఆ ఖానూన్‌ను నేను కాదనను. కానీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పద్నాలుగేళ్ల పిల్లవాడు ఏం చేయాలో ఏ ఖానూన్ చెప్పదు. అది మొహల్లా చెప్పాలి. మొహల్లా చేతిలో ఒక గది ఉంది, తొమ్మిది పెట్టెలు ఉన్నాయి. ఆ గదికి తలుపుంది, టైమ్ ఉంది, పెద్దవాళ్ల నిఘా ఉంది. లాన్ ఆటలో డబ్బు పెట్టడానికి చోటు లేదు, యాడ్స్ లేవు, మీ పిల్లవాడు ఎన్ని గంటలు కూర్చున్నాడో లెక్కగట్టి అమ్ముకునే కంపెనీ లేదు. ఆట అయిపోతే అయిపోయినట్టే. అలాంటి ఆటను కాదని తలుపు మూసి, పిల్లవాణ్ణి ఫోనుకు అప్పజెప్పి, మళ్లీ మనమే జుమ్మా రోజు ఫోన్ల మీద గంటసేపు తక్రీర్ ఇస్తాం.

పైగా ఆ ఒక్క సాయంత్రం ఆ ముగ్గురు నేర్చుకున్నది చూడండి. ఐపీ చిరునామా, పింగ్, బ్రాడ్‌కాస్ట్, పోర్టు, ఫైర్‌వాల్. డిప్లొమా పిల్లలు గైడ్లు బట్టీ పట్టి పరీక్ష కాగానే మరిచిపోయే మాటలివి. వీళ్లు మరిచిపోరు, ఎందుకంటే అవి తెలియకపోతే ఆట ఆగింది. హునర్ అలాగే వస్తుంది. మెకానిక్ షెడ్డులో ఉస్తాద్ దగ్గర మన పిల్లలు పాఠం చదివి నేర్చుకున్నారా, బండి కదలకపోతే నేర్చుకున్నారా?

సెంటర్ వాళ్లకు ఇది ఇష్టం ఉండదు, నాకు తెలుసు. వాళ్ల రోజీ క్రాక్ చేసిన విండోస్ ఎక్కించడంలో ఉంది. మూడు నెలలకోసారి వైరస్ వస్తుంది, మళ్లీ పిలుస్తాం, మళ్లీ ఇస్తాం. హలాల్ హరామ్ గురించి కోడి దగ్గర అంత పట్టింపు ఉన్న మనం, చోరీ విండోస్ దగ్గర మాత్రం బిస్మిల్లా అని మీట నొక్కుతాం.

లినక్స్ చోరీ అక్కర్లేనిది. దాని వెనక ఉన్న లైసెన్సును 1989లో రాశారు, జీపీఎల్ అంటారు. దాన్ని చదివిన రోజు నాకు తట్టింది వక్ఫ్. వాఖిఫ్ ఒక బావిని వక్ఫ్ చేస్తే ఆ నీళ్లు ఎవరైనా తాగొచ్చు, బావిని తీసుకెళ్లి సొంత ఇంటి ప్రహరీలో కలుపుకోకూడదు. జీపీఎల్ కూడా ఇంచుమించు అదే. వాడుకో, చూడు, మార్చు, ఇంకొకరికి ఇవ్వు, కావాలంటే డబ్బుకు కూడా ఇవ్వు. కానీ నీ దగ్గర తీసుకున్నవాడికి అవే హక్కులు ఇవ్వకుండా తాళం వేయలేవు. అచ్చంగా ఒకటే అనను, వక్ఫ్ ఆస్తిని అమ్మలేం, ఇక్కడ అమ్మకానికి అడ్డు లేదు. రూహ్ మాత్రం ఒకటే. 2025లో వక్ఫ్ సవరణ ఖానూన్ వచ్చినప్పుడు మనమంతా అమానత్ అని గొంతు చించుకున్నాం. ఒక పిల్లవాడు ఖౌమ్ కోసమని తెచ్చి ఇచ్చిన పెట్టెలు అమానత్ కావా?

తాళం వేసే కంపెనీల సంగతి తెలియాలంటే ఆటల్లోనే చూడండి. 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్‌లో ఒక సీడీతో స్నేహితుల పెట్టెల్లో కూడా లాన్ కోసం ఆటను వేసుకునే వీలు కంపెనీయే ఇచ్చింది. అదే కంపెనీ 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 తెచ్చినప్పుడు లాన్ తీసేసింది. పక్క కుర్చీలో ఉన్నవాడితో ఆడాలన్నా దాని సర్వర్ దాకా పోయి రావాలి. యూబీసాఫ్ట్ కంపెనీ ది క్రూ అనే ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ల చేతిలో డబ్బా మిగిలింది. యూరప్‌లో దీని మీద పెట్టిన అర్జీ మీద పది లక్షలకు పైగా దస్తఖత్‌లు పడ్డాయి. అక్కడ జనం ఆట కోసం కాదు, కొన్న వస్తువు మీద హక్ కోసం నిలబడ్డారు. ఇక్కడ మన గదిలో ఎవరి ఇజాజత్ లేకుండా నడిచే ఆట ఉంటే, దాన్ని మనమే బండెక్కిస్తున్నాం.

కేరళలో సర్కారీ స్కూళ్ల కంప్యూటర్లు ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి. హైదరాబాదులో స్వేచ్ఛ వాళ్లు తెలుగులోనే లినక్స్ తయారుచేశారు. బెంగళూరులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం వాళ్లు బస్తీ పిల్లల కోసం పాత కంప్యూటర్లతో అంబేడ్కర్ పేరు మీద కేంద్రం నడిపారు. సదుం నుంచి బెంగళూరుకు పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగుతాం, అంత దూరంలో జరిగిన పని మనకు చంద్రమండలం అయింది. ఉర్దూ మీడియం పిల్లలకు ఇంకో లాభం ఉంది. నేను చదువుకునే రోజుల్లో కంప్యూటర్‌లో ఉర్దూ రాయాలంటే ప్రత్యేకంగా ఒక సాఫ్ట్‌వేర్ కొనాలి, లేదా చోరీ చేయాలి. ఇప్పుడు లినక్స్‌లో ఉర్దూ కీబోర్డు సెట్టింగుల్లోనే ఉంది, నోటో నస్తాలీఖ్ ఫాంటు ఉచితం. ఆ పెట్టె మీద అలిఫ్ బే, అ ఆ, రెండూ వస్తాయి.

సదర్ సాబ్, నేనడిగేది చందా కాదు. వచ్చే నెల మీటింగు దాకా బండివాణ్ణి ఆపండి. ఎనిమిది పోర్టుల స్విచ్ నా దగ్గర ఉంది. ఒక పోర్టు రౌటర్‌కు పోతే ఏడు పెట్టెలు దానికి, మిగతా రెండు నేరుగా రౌటర్‌కు తగిలిస్తే తొమ్మిదీ కలుస్తాయి. మగపిల్లలకు, ఆడపిల్లలకు వేర్వేరు రోజులు కావాలంటే అలాగే పెట్టండి. కానీ ఆడపిల్లల రోజు లేకుండా మాత్రం పెట్టకండి, హోస్ట్స్ ఫైలు పట్టుకున్నది ఎవరో చెప్పాను. తొమ్మిదింటిలో రెండు పెట్టెలకు ర్యామ్ రెండేసి జీబీలే ఉంది, మింట్ లేస్తుంది గానీ ఆటకు చాలదు. డీడీఆర్ 3 ముక్కలు పాత కంప్యూటర్లలో ఎవరింట్లోనైనా పడి ఉంటే తెచ్చివ్వండి. లాప్‌టాప్‌లో ఉండే పొట్టివి కాదు, పొడుగువి.